షోలాపూర్ బండికి ఎదురు

"ఆపు! ఆపు వెంకటీ, బండి ఆపు!"

అంబదాస్ కేకకు డీసీఎం వ్యాను రెండడుగులు కదిలి ఆగిపోయింది. సామాను మీద కట్టిన మంచం కోళ్లు గడగడలాడాయి. ఎదురుగా సందు మధ్యలో ఇంటి ఓనరు లస్మవ్వ నిలబడి ఉంది. భర్త పోయి పదేళ్లయిన మనిషి. పైగా చేతిలో ఖాళీ బకెట్.

ఇది మూడోసారి. పోయిన గురువారం సరిగ్గా ఇలాగే ఎదురొచ్చింది, ఎక్కించిన సామానంతా దించారు. ఆదివారం మంచి ఘడియ చూసుకుని మళ్లీ ఎక్కించారు. మళ్లీ వచ్చింది, మళ్లీ దించారు. ఇవాళ బుధవారం.

అంబదాస్ క్యాబిన్ నుంచి దూకి ఆమె మీదికి వెళ్లాడు.

"నీకు వేరే యాళ్ల దొరకదా లస్మవ్వా? మేం బండెక్కంగనే నీకు నీళ్లు యాదికొస్తయా?"

"నా ఇంటి ముంగట నేను నడుస్తున్న. నీ నెత్తి మీదికెల్లి నడుస్తున్ననా?"

"ఇగ అయిపాయె. దించు వెంకటీ, సామాను దించు!"

"దించేది లేదు" అంది క్యాబిన్‌లోంచి అతని భార్య బాలలక్ష్మి. బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "దిగి అరుగు మీద కూసుందాం. చెంబెడు నీళ్లు తాగి మళ్ల బయలెల్లుదాం. మా అవ్వోళ్లు గట్లనే చేసేటోళ్లు."

"చెంబెడు నీళ్లతోని పోయే దోషమానే గిది? ఆడిదాంక నాలుగు వందల యాభై కిలోమీటర్లు. నడుమ బండికేమన్నయితే?"

"గురువారం గిదే మాటన్నవు. ఆదివారం గిదే మాటన్నవు."

ఆమె బాధ ఆమెది. కరీంనగర్‌లో ఏడాదిలో రెండుసార్లు కిరాయి పెరిగింది. బట్టల దుకాణంలో అంబదాస్ జీతం మాత్రం పెరగడమే మరిచిపోయింది. షోలాపూర్‌లో అయితే తమ్ముడు సుధాకర్‌కు మరమగ్గాల షెడ్డు ఉంది. పక్కనే రెండు గదులు ఖాళీ, కిరాయి ఇక్కడి దాంట్లో సగం. వీధిలో సగం మంది మనవాళ్లే, చేసుకోవడానికి బీడీల పనీ ఉంది. ఆర్నెల్లుగా ఆమె ఏ బీడీ చుట్టినా షోలాపూర్‌ను తలుచుకునే చుట్టింది. కానీ నిన్న సాయంత్రం సుధాకర్ ఫోన్‌లో తెగేసి చెప్పాడు.

"అక్కా, రేపటికల్ల దిగకుంటె గదులు, బావకు ఆపిన పని రెండూ వేరేటోళ్లకు ఇచ్చేస్త. ఎన్నొద్దులని ఆపాలె?"

బావమరిది చేతికింద పనిచేయడం ఏ మగాడికీ అంత తేలిగ్గా మింగుడుపడదు. అంబదాస్ మాత్రం ఒక్కనాడూ కాదనలేదు. "నీ తమ్ముడంటె నాకు తమ్ముడు గాదా? నువ్వెట్లంటె గట్లనే" అన్నాడు. అంత మంచి మొగుణ్ని ఏమంటుంది? అందుకే బాలలక్ష్మి కోపమంతా లస్మవ్వ మీదే ఉంది. చాట సీటు మీద పెట్టి దిగింది.

"కిరాయి పెంచి మమ్ముల ఎల్లగొట్టింది నువ్వు. ఎల్లిపోతమంటె అడ్డమొచ్చేది నువ్వు. మా నోట్ల మన్ను కొడితె నీకేమొస్తదవ్వా?"

లస్మవ్వ ఒక్కసారి అంబదాస్ వైపు చూసింది.

"గీ ఇంట్ల మళ్ల ఎవ్వలు దిగరని భయమా? చెప్పు!"

"నీకెట్ల సమజైతె గట్లనుకో" అంది లస్మవ్వ, మొహం పక్కకు తిప్పుకుని.

వెంకటి హారన్ గట్టిగా నొక్కాడు. "అన్నా, జల్ది తేల్చుర్రి. ఎక్కిచ్చుడు, దించుడు... నాకేం వేరే పని లేదా? ఇయ్యాల దించితె మాత్రం మళ్ల నన్ను పిలువకుర్రి."

"దించు" అన్నాడు అంబదాస్.

"దించకు, తోలు!" బాలలక్ష్మి మళ్లీ క్యాబిన్ ఎక్కి తలుపు ధడాలున వేసుకుంది. "దోషం నీకైతె నువ్వే ఉండు. నేను పోత. మీ బావ మంచి ఘడియ దొరికినంక వస్తడని మా తమ్మునికి చెప్త."

వెంకటి తాళం తిప్పాడు. ఇంజన్ బుర్రుమంది. ఇంత తెగిస్తుందని అంబదాస్ అనుకోలేదు. ఇరుగుపొరుగు ఒక్కొక్కరే గడపల్లోకి వచ్చి చూస్తున్నారు. భార్యను ఏమీ అనలేక, బండిని ఆపలేక, ఆ ఉక్రోషమంతా తెచ్చి లస్మవ్వ మీద గుమ్మరించాడు.

"నీ మొఖం చూసినోడు ఒక్కడన్న బాగుపడ్డడా? మొగున్ని మింగినవు, ఇగ మమ్ముల గూడ మింగుతవా?"

అంతటితో ఆగక ఆమె చేతిలో బకెట్ గుంజి విసిరేశాడు. అది దొర్లుకుంటూ పోయి మోరీ కాలువలో పడింది. బాలలక్ష్మికే చివుక్కుమంది.

"గంత మాటెందుకయ్యా! పెద్దమనిషిని పట్టుకొని..."

లస్మవ్వ కళ్లనిండా నీళ్లున్నాయి. పక్కకు తప్పుకుని బండికి తోవ ఇచ్చింది.

"నువ్వు పో బిడ్డా, నీకు ఏ దోషం తాకది" అని బాలలక్ష్మికి చెప్పి, అంబదాస్ వైపు తిరిగింది.

"బామ్మర్ది కింద బతుకుడు నాతోని కాదు, ఎట్లన్న జేసి బండికి ఎదురు రమ్మని మూడుమాట్ల నా కాళ్లు మొక్కితివి గదరా, ఎదురొస్త అన్న గాని గిన్ని మాటలు పడ్త అన్ననా?"