ఎలుగుబంటి గారి షికారు

బస్సులో కిటికీ పక్క సీటు ఎలుగుబంటి గారికి దక్కింది. లాండ్రీ మావయ్య నిలబడ్డాడు.

"సీట్లు మనుషులకండీ," అంది బుట్టతో ఎక్కిన ఒకావిడ.

"వారికీ టికెట్ తీశానమ్మా," అన్నాడు మావయ్య. వారి తల కిటికీలోంచి బయటపెట్టి గట్టిగా పట్టుకున్నాడు. రోడ్డు మీది దుమ్మంతా వారి ముఖాన కొట్టింది. షికారన్నాక గాలి తగలొద్దూ!

మేనకోడలు పొద్దున్నే స్కూలు వాళ్లతో విహారయాత్రకు వెళ్లింది. బొమ్మలు తేకూడదని టీచరు ఆజ్ఞ. అందుకని ఆ పిల్ల వెళ్తూ వెళ్తూ మావయ్యకు తన ఆజ్ఞలు జారీ చేసింది. తన ఎలుగుబంటికి ఊరంతా చూపించాలి. నోరూరేవన్నీ తినిపించాలి. తేడా వచ్చిందో, మావయ్యతో కటీఫ్!

పిల్ల మాటంటే మాటే. అడక్కుండా తన రంగు పెన్సిల్ చెక్కిన పాపానికి తాతయ్యతో ఇప్పటికీ సైగలే.

మావయ్య మామూలువాడు కాదు. మరకలు తీయడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఎవరింట్లో ఎప్పుడు ఏం ఒలికిందో ఆయనకు తెలిసినంత పోలీసులకు కూడా తెలియదు. అలాంటి మనిషి దుకాణం మూసేసి, బొమ్మను చంకనేసుకుని ఊరేగుతున్నాడు. ప్రేమ ఎంత పనైనా చేయిస్తుంది మరి!

ఐస్‌క్రీమ్ షాపులో వారికి చాక్లెట్ ఐస్‌క్రీమ్ వడ్డన జరిగింది. సగం మూతికి, సగం చెవికి.

"ఉతికితే పోతుందా ఇది?" అడిగాడు మావయ్య.

"అంత తేలిగ్గా పోదు సార్," బిక్కమొహం వేశాడు షాపువాడు.

"అయితే ఇంకోటివ్వు."

తర్వాత ద్రాక్షరసం. అది వారి పొట్ట మీదుగా దిగువకు ప్రయాణించింది.

"అన్నా, రేపు నువ్వే కదా ఉతుక్కునేది!" నవ్వాడు రసం బండివాడు. తెలిసినవాడే.

"నీకెందుకురా? కొంచెం కాలి మీద కూడా పొయ్యి."

పార్కులో వారు జారుడుబల్ల ఎక్కారు. తలకిందులుగా దిగారు. ఇసుకలో పొర్లి విశ్రాంతి తీసుకున్నారు. ఒక కుక్కపిల్ల పరుగున వచ్చి వారి చెయ్యి నోట కరుచుకుంది.

"కానివ్వు నాయనా, మొహమాటపడకు," అంటూ మావయ్య తాపీగా బెంచీ మీద కూలబడ్డాడు.

కుక్కపిల్లను తెచ్చుకున్న ముసలాయన వింతగా చూశాడు. "ఏమయ్యా, ఈ బొమ్మతో నీకేమన్నా పాత కక్షా?"

"అబ్బే, లేదు బాబాయ్. ఇవాళే పరిచయం."

సాయంత్రం మేనకోడలు వచ్చింది. బ్యాగు ఒక మూలకు విసిరేసి ఎలుగుబంటిని అందుకుంది. చెవి వాసన చూసింది. పొట్ట నిమిరింది. వేలాడుతున్న చెయ్యి ఊపి చూసింది.

మావయ్య మెల్లగా లాండ్రీ గది తలుపు వైపు జరిగాడు.

"ఒరేయ్ మురికోడా! ఎంత తిన్నావురా!" అంటూ పిల్ల దాన్ని వాటేసుకుంది. "మావయ్యా, నువ్వు చాలా మంచోడివి."

మావయ్య గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. పక్కనే ఉన్న లాండ్రీ గది తలుపు నెమ్మదిగా దగ్గరికి వేశాడు.

ఆ తలుపు వెనక, పొద్దున్న పిల్ల అటు వెళ్లగానే మావయ్య చెయ్యి ఊరుకోక మెషిన్‌లో పడేసిన అసలు ఎలుగుబంటి, ఒక్క మరకైనా లేకుండా ధగధగ మెరుస్తూ, నాలుగు ముక్కలై తీగ మీద ఆరుతోంది.