కమీషన్ మనిషి

"అది కొనకండి బాబూ."

బెన్హర్ మేస్త్రీ చిరాగ్గా తల తిప్పాడు.

నర్సీపట్నంలో ఈశ్వరరావు హార్డ్‌వేర్ షాపు అది. కౌంటరు మీద రెండు బ్యాటరీ డ్రిల్లు మెషీన్లున్నాయి. ఒకటి తేలిక, ఒకటి బరువు. బెన్హర్ బావమరిది దావీదు తేలికదాన్ని చేత్తో ఎత్తి చూస్తున్నాడు.

వద్దన్న మనిషి సిమెంటు బస్తాల పక్కన నిలబడి ఉన్నాడు. అరవై ఏళ్లుంటాయి. గోళ్ల సందుల్లో సున్నం, భుజాన గోనె సంచి.

"ఏటి? ఎందుకు కొనకూడదు?"

"దాన్లో క్లచ్ లేదండి. బిట్టు ఇనప కమ్మీకి తగిలి ఇరుక్కుందంటే మెషీను పట్టుకున్న మనిషినే తిప్పేత్తాది. ఈ బరువైందాన్లో క్లచ్ ఉంది. బిట్టు ఇరుక్కుంటే దానంతటదే వదిలేత్తాది."

బెన్హర్‌కి నవ్వొచ్చింది.

ఇలాంటి వాళ్ల సంగతి అతనికి తెలుసు. షాపులో ఊరికే నిలబడతారు, ఖరీదైన సరుకు అంటగడతారు, సాయంత్రం ఓనరు దగ్గర కమీషన్ పుచ్చుకుంటారు. ఎలా తెలుసంటే, పోయిన నెల టైల్స్ షాపులో తను నిలబడిందీ అందుకే.

"నీకెంత ఇత్తాడేటి ఈశ్వరరావు?"

పెద్దాయన మొహం మాడిపోయింది. ఈశ్వరరావు ఏదో చెప్పబోయాడు. పెద్దాయన అతనికేసి చూసి వద్దన్నట్టు తల ఊపాడు.

అదీ బెన్హర్ కళ్లబడింది. ఇద్దరూ కూడబలుక్కున్నారనుకున్నాడు.

దావీదుకి మాత్రం మెషీను మనిషినే తిప్పేస్తుందన్న మాట మనసులో గుచ్చుకుంది.

"మా పని నలభై అడుగుల ఎత్తున అండి. సర్చి గంట గోపురం. ఆదివారానికి కొత్త గంట బిగించాల. పైన కరెంటు లేదని బ్యాటరీది కొంటన్నాం."

"తెలుసు నాయనా. గంట బిగించే ఆ సిమెంటు దూలంలో కమ్మీ మరీ ఒత్తుగా ఉంది. ఎక్కి సూసేను."

"నువ్వెందుకెక్కేవు?" బెన్హర్ అడిగాడు.

పెద్దాయన భుజాన ఉన్న సంచి కిందికి దించాడు. సంచిలోంచి ఒక మెషీను తీశాడు. కౌంటరు మీది బరువైనదాని లాంటిదే. అట్టపెట్టె కూడా నలగలేదు.

"ఇది పట్టుకెళ్లండి బాబూ. డబ్బులేం వద్దు. పనయ్యేక ఈశ్వరరావు దగ్గర పెట్టీండి."

బెన్హర్‌కి అనుమానం రెట్టింపైంది. ఊరికే ఎవడిస్తాడు? రేపు పాడైపోయిందని మెడకి చుట్టడానికి కాకపోతే!

"పెద్దాయనా, నీ పని నువ్వు సూసుకో."

పెద్దాయన మెషీను సంచిలో పెట్టేసుకున్నాడు. వెళ్లబోతూ దావీదు దగ్గర ఆగాడు.

"నడుముకి తాడైనా కట్టుకో నాయనా. పరంజాకి కట్టకు, అది నీతోనే వచ్చేత్తాది. దూలానికి కట్టు."

బెన్హర్ తేలిక మెషీనే కొన్నాడు.

శనివారం పొద్దున ఇంట్లోంచి బయల్దేరుతుంటే బెన్హర్ భార్య ఎస్తర్ రాణి గుమ్మంలోకొచ్చింది.

"మా తమ్ముడు జాగ్రత్త. నాకున్నది ఆడొక్కడే."

"నాకు తెలీదేటే?" అన్నాడు బెన్హర్.

ఎనిమిదింటికి దావీదు గోపురం పరంజా ఎక్కాడు. ఎక్కినవాడు డ్రిల్లు తీయకుండా తాడు తీశాడు.

"ఆ కమీషన్‌గాడి మాట పట్టుకున్నావా? బేగి కానీ!" కిందనుంచి అరిచాడు బెన్హర్.

"ఉండు బావా. ఎందుకైనా మంచిది."

దావీదు తాడు దూలానికి కట్టి, రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

మొదటి కన్నం సాఫీగా దిగింది. రెండోదీ దిగింది.

"సూసేవా? డబ్బులు మిగిలేయి!"

మూడో కన్నంలో చప్పుడు మారింది.

బెన్హర్ తలెత్తేసరికే మెషీను గిర్రున తిరిగింది. దావీదు కెవ్వుమన్నాడు. పరంజా చెక్క పక్కకి జారింది. మెషీను వచ్చి బెన్హర్ కాళ్లకి జానెడు దూరంలో పడి ముక్కలైంది.

దావీదు పడలేదు. తాడుకి వేలాడుతున్నాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకరగా తిరిగిపోయి ఉంది.

"కదలకురా! నేనొత్తన్నాను!"

దింపడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా బెన్హర్ కళ్లముందు ఎస్తర్ రాణి మొహమే.

ఆస్పత్రిలో దావీదు చేతికి కట్టు వేశారు. ఎముక విరిగింది, అతుక్కుంటుందన్నారు. ప్రాణానికి భయం లేదన్నారు. బెన్హర్ మెట్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత మొహమైనా కడుక్కోకుండా ఈశ్వరరావు షాపుకి పరిగెత్తాడు.

"నిన్నటి పెద్దాయన ఏడీ? ఆయన కాళ్లు పట్టుకోవాల."

"పొద్దుటే ఎళ్లిపోయేడు. యలమంచిలిలో రైలెక్కి హైదరాబాదు. వాచ్‌మన్ పనట. ఇల్లు ఖాళీ సేసి, పెళ్లాన్ని కూడా తీసుకెళ్లిపోయేడు."

"మళ్లీ ఎప్పుడొత్తాడు?"

"రానన్నాడు."

"ఎవరాయన? ఆ మెషీను నాకెందుకు ఊరికే ఇత్తానన్నాడు?"

ఈశ్వరరావు లెక్కల పుస్తకం మూసేశాడు.

"కోటవురట్ల మన్మథరావు మేస్త్రీ. ఆ మెషీను నాకు వాపసిచ్చి రైలు టికెట్లు తీసుకుందామని వచ్చేడు నిన్న. నీకిచ్చుంటే ఆయన పయనం ఆగిపోయేది. అయినా ఇత్తానన్నాడు."

"నేనెవరో ఆయనకి తెలీదు గదా?"

"తెలుసు. నేను సెప్పబోతేనే వద్దన్నాడు. ఆ గోపురం పని ముందు ఆయనకే ఇచ్చేరు బెన్హరూ. ఆ మెషీను కొన్నదీ దానికే. సగం రేటుకే సేసేత్తానని నువ్వెళ్తే, సర్చి కమిటీవోళ్లు పొమ్మన్నది ఆయన్నే."