కాన్వాసు మీద నీడ

“కాస్త అటు జరుగు పెద్దమ్మా, నీ నీడ బొమ్మ మీద పడుతోంది” అన్నాడు హాడో, ఫొటో తీయబోతూ.

కాన్వాసు అంచున కూర్చున్న ముసలామె తలెత్తి చూసింది. మోకాలు పట్టుకుని లేచి, తన కుక్కని వెంటబెట్టుకుని, బొమ్మలు వేసే షెడ్డు బయటికి వెళ్ళి కూర్చుంది.

కుంచెలు కడుగుతున్న మేవిస్ చెయ్యి ఆగింది.

ఆ బొమ్మ వేసింది మేవిసే. పెద్ద మంచమంత కాన్వాసు మీద, తన తండ్రి ఇంటి నుంచి వచ్చిన నీటి చెలమ కథ. నాలుగు నెలలు నేల మీద కూర్చుని చుక్క చుక్కగా పెట్టింది. ఇలాంటిది మా ఎడారిలో తప్ప ఇంకెక్కడా పుట్టదని చెప్పుకోవడానికి మాకేం మొహమాటం లేదు.

దానికోసం సిడ్నీ నుంచి హాడో, మెల్‌బోర్న్ నుంచి లియోనీ ఒకే రోజు ఊడిపడ్డారు. ఇద్దరివీ పెద్ద గ్యాలరీలు. ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. శుక్రవారం హాడో ప్రదర్శన. నడిమి గోడ ఈ బొమ్మకేనని పేపర్లకి కూడా చెప్పేసుకున్నాడు.

అతను అరవై వేల డాలర్లన్నాడు. ఆమె డెబ్బై అంది. అతను తొంభై అన్నాడు.

“ధర నేను చెప్పగలను. తీసుకుపొమ్మని మాత్రం చెప్పలేను” అంది మేవిస్. “బాసు చూసి సరే అనాలి.”

మా దగ్గర అంతే. కథ ఆ ఇంటివాళ్ళది, దానికి కావలి ఆ ఇంటి ఆడపడుచుల పిల్లలు. వేసేది ఒకరు, తప్పొప్పులు చూసేది ఇంకొకరు. ఆ ఇంకొకరే బాసు, ఆ మనిషి తల ఊపకుండా కాన్వాసు షెడ్డు దాటదు.

బాసు ఎప్పుడొస్తాడని ఇద్దరూ ఒకేసారి అడిగారు. కళ్ళున్నవాళ్ళకి కనబడతారులే అని మేవిస్ మళ్ళీ కుంచెల పనిలో పడింది.

మధ్యాహ్నానికి తెల్ల కారొకటి వచ్చి ఆగింది. పెద్ద టోపీ, మెరిసే బెల్టు పెట్టుకున్న మనిషి దిగాడు. ఇద్దరూ పరుగెత్తారు. లియోనీ కాఫీ కలిపింది. హాడో కుర్చీ తుడిచి వేశాడు. తన గ్యాలరీ ఎంత గొప్పదో ఒకరు చెబితే, పక్కవాళ్ళది ఎంత మోసమో ఇంకొకరు చెప్పారు. అతను అన్నిటికీ తల ఊపుతూ రెండు కాఫీలు తాగాడు. కేకు తిన్నాడు. బొమ్మ బాగుందన్నాడు.

తర్వాత బయటికి వెళ్ళి, ముసలామెకి కారు తలుపు తీసి, కుక్కని లోపలికి ఎత్తి, దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయాడు.

మేవిస్ కాన్వాసు చుట్టడం మొదలుపెట్టింది.

“అంటే సరే అన్నట్టేనా?” హాడో ఆశగా అడిగాడు.

“అనలేదు. బాసు మళ్ళీ ఇటు వచ్చేది వచ్చే నెలే.”

“శుక్రవారం నా గోడ ఖాళీగా ఉంటుంది ఆంటీ” అన్నాడు హాడో. “మరి ఆయన బాగుందన్నాడుగా, నా ఎదురుగానే.”

“వాడు డ్రైవరు నాయనా” అంది మేవిస్, చుట్టకి తాడు బిగిస్తూ. “వాడి పక్క సీట్లో కూర్చుని పోయిందే, నీడ పడుతోందని నువ్వు లేపేసిన మా మేనత్త కూతురు, ఆవిడే బాసు.”