ఖాసిం పంకా తాడు

పాతబస్తీలోని ఒక నవాబు దేవిడీ, ఆ పాత భవంతి, ఇప్పుడు టికెట్ కొని చూసే మ్యూజియం. నవాబు మంచం మీద వేలాడే గుడ్డ పంకాను, ఒకప్పుడు బయటి వరండాలో కూర్చొని తాడుతో లాగింది ఇప్పటి వాచ్‌మన్ జహంగీర్ వాళ్ల తాత ఖాసిం.

"రేపు తాడు కోసి మోటర్ పెడుతున్నరు, అన్నా. మీ తాతకు రిటైర్మెంటే!" గైడు స్రవ్య నవ్వుకుంట పోయింది.

"ఖాసిం లాగితేనే నవాబుకు నిద్ర పట్టేది, బిడ్డా. మోటర్‌తోని ఏమైతది?" అన్నడు జహంగీర్ ఆమె వెనకనుంచి.

చీకటి పడ్డంక గదికి తాళమేసి, జహంగీర్ బయటి వరండాల తన తాత కూర్చున్న పీట మీద కూర్చున్నడు. ఆఖరుసారి తాడు లాగిండు. లోపల పంకా మెల్లగ కిర్రుమంది. చెయ్యి నొచ్చి ఆపిండు.

తాళమేసిన గదిలో మంచం కదిలిన చప్పుడైంది.

"ఖాసిం... ఎందుకాపినవ్?"

జహంగీర్ ఛాతీ గర్వంతోని ఉబ్బింది.

"మాఫ్ చెయ్యుండ్రి, సర్కార్" అని మళ్లీ లాగబట్టిండు.