మిరుగు మార్పు

రేఖ చీటీ విప్పి చదివింది. "నర్సక్క మడి గంగక్కకు, గంగక్క మడి నర్సక్కకు."

 ఇంకెవరి పేరు వచ్చినా నర్సక్కకు ఇంత బాధ ఉండకపోయేది.

అంకిసలో గోదారి వరద ఇసుక మేట వేసి పోయిన జాగాలో బచత్ గట్ అనే పొదుపు సంఘం ఆడవాళ్లు కూరగాయల తోట పెట్టుకున్నారు. ఎండాకాలం అందరూ కలిసి చెరువు నల్లమట్టి మోసి ఇసుక మీద మందంగా పరుస్తారు. పెంట ఎరువు కలుపుతారు. మృగశిర కార్తెలో మిరుగు వానలు పడగానే చీటీలు తీసి మడులు మార్చుకుంటారు. మంచి మట్టి ఒక్కరికే దక్కొద్దని ఆ పద్ధతి.

ఎట్లాగూ ఇంకొకరికి పోయే మడే కదా అని, నర్సక్క ఈసారి తన మడిలోని నల్లమట్టిని గంపలకెత్తి ఇంటి పెరట్లో పోసుకుంది. పైన పలచటి పొర మిగిల్చి సాపు చేసింది. ఇప్పుడది గంగక్క పాలైంది. మొగుడు పోయిననాడు తనకు గంజి తాగించిన మనిషి పాలు.

"గంగక్క మడి దొరికితే మొఖం గట్ల పెట్టినవేందే?" అంది జ్యోతి. "ఆమె పెరట్ల వంకాయలు చూసినవా? గంపెడు కాస్తున్నయి. ఆమె చేతిలనే ఉన్నది."

"నా చేతిల ఏం లేదు, ఊకో" అంది గంగక్క తల ఎత్తకుండా.

ఆ అణకువ చూసి నర్సక్కకు ఇంకా సిగ్గేసింది.

"అక్కా, ఈ ఏడు మార్పు వద్దు. నీ మడి నువ్వే చేసుకో, నాది నేను చేసుకుంట" అంది.

గంగక్క మొఖం తేటపడింది. "గట్లైతే మంచిగుంటది చెల్లె."

"నడవది" అంది రేఖ. "చీటీ అంటే చీటీ."

గంగక్క కొంగు చాటు నుంచి వంకాయలు తీసి నర్సక్క ఒడిలో పోసింది. "మా పెరటియి. వండుకో."

నర్సక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, నీకొక మాట చెప్పాలె."

"ఇప్పుడేం వద్దు. జర పైపైన్నే తవ్వు చెల్లె, మట్టి చెదురుతది." గంగక్క బిందె తీసుకుని, వెనక్కి చూడకుండా గోదారి దిక్కు నడిచింది.

మట్టి మీద ఆమెకు ఎంత పాణమో, అనుకుంటూ నర్సక్క గంప, పార పట్టుకుని గంగక్క మడిలోకి దిగింది. ఆమె వచ్చేలోపు ఈ మడిలోని మంచి మట్టి సగం, గంగక్కకు పోయిన తన పాత మడిలోకి మోసెయ్యాలి. తర్వాత కాళ్లు పట్టుకుని అన్నీ చెప్పుకోవాలి.

గంప పక్కన పెట్టి, కండ్లు తుడుచుకుని, పార లోతుగా దించింది.

వేలెడు మట్టి దాటగానే పార కింద ఇసుక కరకరమంది.