డ్రమ్ముకి తాళం

మా మేడ మీద తోటకు రూలు పెట్టింది నేనే. వారమంతా వంటింటి తొక్కలు తెచ్చి ఎరువు డ్రమ్ములో వేసినవాళ్లకే ఆదివారం కూరగాయలు.

ఏ పందికొక్కో ఆ తొక్కల్ని లాగేస్తోందని మూడు రోజుల క్రితమే డ్రమ్ముకి తాళం వేశాను.

ఈ ఆదివారం వరసలోకి కింది వాటా దర్జీ వచ్చాడు. ఒక్కనాడూ తొక్క వేసిన మనిషి కాదు.

"కష్టం మాది, కాయలు నీకా అన్నా? ఇన్నాళ్లూ లేనిది ఇవాళ గుర్తొచ్చామా?" అన్నాను. వరసంతా నవ్వింది.

ఆ నవ్వు ఆగకముందే దర్జీ ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"కుట్టుమిషన్ అమ్మేసినప్పట్నుంచీ మేం వండుకునేది మీ తొక్కలే చెల్లెమ్మా," అన్నాడు మెల్లగా. "మొన్న తాళం పడింది కదా."