కలుపు ఖర్చు

"బొజ్జయ్యా, నువ్వే గెలిచినవ్!" సర్వే సారు కాయితం ఊపిండు. "పోయిన పంటల, మందులు కొట్టిన పక్క చేను కన్నా నీ సేంద్రియ మిర్చికే ఎక్కువ లాభమొచ్చింది. వాళ్లకు గడ్డి మందుకే ఎనిమిది వేలు. నీ కలుపు ఖర్చు సున్నా."

బొజ్జయ్య మురిసిండు.

డ్రమ్ముల పేడనీళ్లు కలుపుతున్న అతని భార్య రామక్క చెయ్యి ఆగింది.

"సున్నానా? నాలుగు నెలలు నడుము వంచి తీసింది నేను గాదా సారూ?"

"ఇంటిమనిషివి గదమ్మా. నీకు కూలి రాయం."

రామక్క మొగుని దిక్కు చూసింది. ఆయన సంబురంగా సంతకం పెడుతున్నడు.

తుపుక్కున ఉమ్మి, చేతులు కడుక్కొని, కలుపు కొడవలి ఆయన ముందర పడేసింది.

"యాడికే?"

"పక్క చేన్ల మిర్చి ఏరనీకి. వాళ్లు కూలి ఇస్తరు. నీ కలుపు ఇగ నువ్వే తీసుకో, సున్నాకు."